కొత్తగా కట్టని కలెక్టరేట్

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. తిరుపతి కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు కలెక్టర్ కూర్చోవడానికి, ఆయన కింది శాఖలు నడవడానికి ఒక చోటు కావలసివచ్చింది. తిరుమల తిరుపతి దేవస్థానం యాత్రికుల కోసం తిరుచానూరులో కట్టిన పద్మావతి నిలయాన్ని అద్దెకు తీసుకుని కలెక్టరేట్‌ను అక్కడే పెట్టారు. భక్తుల కోసం కట్టినదాన్ని సర్కారు ఆఫీసుకు ఇవ్వడమేమిటని అభ్యంతరాలు వచ్చాయి, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. ఆ వాదనలోని మంచిచెడ్డలు వేరే చర్చ. అంతకుముందు కోవిడ్ రోజుల్లో ఇదే భవనం రోగుల సంరక్షణ కేంద్రంగానూ పనిచేసింది. యాత్రికుల వసతి, కోవిడ్ కేంద్రం, జిల్లా పాలనా కేంద్రం: కొద్దికాలంలోనే ఒకే కట్టడం మూడు అవసరాలు తీర్చింది. హరిత భవనాల గురించి మాట్లాడేటప్పుడు ఈ ఉదాహరణను ఎవరూ తీసుకోవడం నేను వినలేదు. తీసుకోవాలి.

ఒక ప్రధాన కార్యాలయం ప్రకృతికి భారం కాకుండా, అందులో ఉండేవాళ్ల ఒంటికి చేటు చేయకుండా ఎలా నడవాలి అన్న ప్రశ్న మీద పాతికేళ్లుగా ప్రపంచంలో చాలా పని జరిగింది. అందులో మేలైన పని కొంత హైదరాబాదులోనే జరిగింది. ఆ పనినంతా తెచ్చి తిరుచానూరు ఎండలో నిలబెడితే ఏది నిలుస్తుంది, ఏది నిలవదు అని చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. నా అభిప్రాయం ముందే చెబుతాను. చేయవలసిన పనిలో ఎక్కువ భాగం ఉన్న కట్టడం పైకప్పు మీద, పడమటి గోడ మీద, గదిలో తిరిగే గాలిలో ఉంది. ఆఫీసులో ఉండేవాళ్లు అని లెక్కపెట్టేటప్పుడు జీతం తీసుకునేవాళ్లతో పాటు అర్జీ పట్టుకుని వచ్చేవాళ్లను కూడా కలపాలి.

ముందు సిమెంటు సంగతి. ప్రపంచంలో మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో 7, 8 శాతం సిమెంటు తయారీ నుంచే వస్తుంది. సున్నపురాయిని బట్టీలో కాల్చినప్పుడు ఆ రాయిలోంచే వాయువు బయటికి వస్తుంది కాబట్టి, బట్టీని సౌరవిద్యుత్తుతో నడిపినా అందులో పెద్దభాగం తప్పదు. కడప జిల్లా ఎర్రగుంట్ల వైపు పోయినవాళ్లకు ఆ పరిశ్రమ ఎంత పెద్దదో చెప్పనక్కర్లేదు. కొత్త భవనం మొదటి రోజు తలుపు తెరిచేసరికే సిమెంటు, ఉక్కు, ఇటుక, అద్దాల రూపంలో కొన్నేళ్ల కరెంటు వాడకానికి సమానమైన భారం భూమి మీద పడిపోయి ఉంటుంది. ఆ తర్వాత ఎంత పొదుపుగా నడిపినా ఆ అప్పు తీరడానికి చాలా కాలం పడుతుంది.

ఈ లెక్క మన రెండు రాష్ట్రాల్లో రెండు రకాలుగా నడిచింది. తెలంగాణ 2016లో పది జిల్లాలను 31 చేసుకున్నాక, చాలా జిల్లాల్లో సమీకృత కార్యాలయ సముదాయాలు కొత్తగా కట్టింది. అన్ని శాఖలూ ఒకే చోటికి రావడం వల్ల జనానికి తిరుగుడు తగ్గింది. అది మంచి పనే. హైదరాబాదులో పాత సచివాలయం భవనాలను 2020లో కూల్చి, ఆ స్థలంలో కట్టిన కొత్త సచివాలయాన్ని 2023 ఏప్రిల్ 30న ప్రారంభించారు. దానికి భారత హరిత భవన మండలి గోల్డ్ రేటింగ్ వచ్చింది. వాడుకోగలిగిన కట్టడాలను నేలమట్టం చేసి, వాటి చోట లేచినదానికి హరిత పతకం ఇవ్వడం నాకు మింగుడుపడదు. కొత్త కట్టడంలో నీటి కుళాయిలు, దీపాలు ఎంత పొదుపైనవైనా, కూల్చిన కాంక్రీటుకు ఆ పట్టికలో సరైన లెక్క లేదు.

ఉన్నదాన్ని బాగుచేసుకోవడం ఎంత దూరం పోగలదో న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ భవనం చూపించింది. 1931 నాటి ఆ కట్టడాన్ని 2009 నుంచి మరమ్మతు చేశారు. అక్కడ ఉన్న 6,514 కిటికీలను బయటికి పంపకుండా, అదే భవనంలో ఒక అంతస్తును కార్ఖానాగా మార్చి, పాత అద్దాలనే వాడుకుంటూ మధ్యలో వేడిని ఆపే పొర పెట్టి మళ్లీ బిగించారు. రేడియేటర్ల వెనక వేడి తప్పించుకోకుండా అడ్డు పెట్టారు, దీపాలు మార్చారు, చల్లదనం యంత్రాలను సరిచేశారు. ఇంధన వాడకాన్ని 38 శాతం తగ్గించాలన్న లక్ష్యంతో మొదలైన పని అది. అంత డబ్బు జిల్లా ఆఫీసుకు ఉండదు నిజమే. అయితే క్రమం చూడండి. ముందు బయటి వేడిని, చలిని ఆపారు. ఆ పైన అవసరం తగ్గిన మేరకు యంత్రాల సంగతి చూశారు. మన ఆఫీసుల్లో ఈ క్రమం తలకిందులుగా ఉంటుంది. ముందు ఏసీ కొంటారు, కప్పు సంగతి ఎవరికీ గుర్తుకురాదు.

కొత్తగా కట్టక తప్పనప్పుడు ఎలా కట్టాలో చెప్పే కట్టడం హైదరాబాదు కొండాపూర్‌లో ఉంది. సీఐఐ సొరాబ్జీ గోద్రెజ్ హరిత వ్యాపార కేంద్రం. అప్పటి రాష్ట్ర ప్రభుత్వం, భారత పరిశ్రమల సమాఖ్య, గోద్రెజ్ సంస్థ, అమెరికా సహాయ సంస్థ కలిసి చేసిన పని అది. 2003లో, హరిత భవనాలను కొలిచే లీడ్ పద్ధతిలో, అమెరికా వెలుపల ప్లాటినం రేటింగ్ పొందిన మొదటి భవనంగా నిలిచింది. 2004 జూలై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. హరిత భవన మండలికి అదే ప్రధాన కార్యాలయం. 20,000 చదరపు అడుగుల ఆ కట్టడంలో కొత్త యంత్రాల కంటే పాత తెలివే ఎక్కువ కనిపిస్తుంది. మధ్యలో ముంగిలి, దాని చుట్టూ గుండ్రంగా గదులు. వెలుతురు వచ్చి, ఎండ రాకుండా జాలీ గోడలు. బయటి గాలిని తడితో చల్లబరిచి లోపలికి పంపే రెండు గాలి గోపురాలు. కప్పు మీద సగానికి పైగా గడ్డి, మొక్కలు. వాడిన నీటిని మొక్కల వేళ్ల మడిలోంచి పోనిచ్చి శుభ్రపరిచి తోటకు వాడతారు. పగటిపూట గదుల్లో దీపం వేయాల్సిన అవసరం దాదాపు ఉండదు.

మండువా ఇళ్లలో పెరిగినవాళ్లకు ఆ ముంగిలి కొత్తేమీ కాదు. ఆ కేంద్రం చేసిన పెద్ద మేలు కూడా అదే: మన పెద్దలకు తెలిసిన నీడ, గాలి, ముంగిలి ఆఫీసు భవనానికి పనికొస్తాయని, వాటిని కొలిచి చూపవచ్చని నిరూపించింది. దానికి ఉన్న పరిమితీ చెప్పుకోవాలి. ఎకరాల స్థలంలో విడిగా నిలబడ్డ చిన్న కట్టడం అది. రోడ్డును ఆనుకుని ఐదారు అంతస్తులు లేచే ఆఫీసుకు ఆ పద్ధతి అలాగే పనికిరాదు. దాని తర్వాత వచ్చిన ఐటీ భవనాల్లో చాలావాటికి ముంగిలి, జాలీ రాలేదు. రేటింగ్ ఫలకం మాత్రం వచ్చింది, అద్దాల గోడల మీద.

నా దృష్టిలో ఈ విషయంలో తెలుగునేల మీద జరిగిన అత్యంత విలువైన పని హైదరాబాదు శివార్లలో, ఇన్ఫోసిస్ పోచారం ప్రాంగణంలో జరిగింది. అక్కడ రెండున్నర లక్షల చదరపు అడుగుల భవనం ఒకదాన్ని సరిగ్గా రెండు సమభాగాలుగా కట్టారు. గోడలు, కిటికీలు, మనుషుల సంఖ్య అన్నీ సమానం. ఒక సగానికి మామూలు పద్ధతిలో చల్లగాలి పంపే ఏసీ, రెండో సగానికి కాంక్రీటు పలకలోనే గొట్టాలు పరిచి చల్లనీళ్లు తిప్పే పద్ధతి పెట్టారు. రెండో పద్ధతిలో కప్పే చల్లగా ఉండి మన ఒంటి వేడిని తీసుకుంటుంది. ఊపిరికి కావలసిన గాలిని వేరే దారిలో, పూర్తిగా బయటినుంచి తెచ్చి, తేమ తీసి పంపుతారు. రెండేళ్లు మీటర్లు పెట్టి చూస్తే రెండో సగం మూడోవంతు తక్కువ కరెంటుతో నడిచింది. కట్టడానికి అయిన ఖర్చూ ఎక్కువ కాలేదు. లోపలివాళ్ల సౌఖ్యమూ తగ్గలేదు. పొదుపు అనగానే లోపలివాళ్లు ఉక్కపోతలో మగ్గాలని అర్థం కాదని అక్కడ తేలింది. వాడిన గాలినే తిప్పి తిప్పి చల్లబరచడం కంటే, చల్లదనాన్ని నీటికి, ఊపిరిని బయటిగాలికి వేరువేరుగా అప్పగించడం ఆరోగ్యానికి కూడా మేలు.

ఇలా పక్కపక్కన పెట్టి కొలిచిన సందర్భాలు చాలా అరుదు. రేటింగులు ఎక్కువగా గీసిన పటాన్ని చూసి ఇస్తారు. కెనడా జాతీయ పరిశోధన మండలి శాస్త్రవేత్తలు 2009లో, లీడ్ రేటింగ్ వచ్చిన 100 భవనాల అసలు వాడకాన్ని మామూలు భవనాలతో పోల్చారు. సగటున హరిత భవనాలు మెరుగ్గానే ఉన్నాయి. కానీ అందులో 28 నుంచి 35 శాతం భవనాలు తమతో పోల్చదగిన మామూలు భవనాల కంటే ఎక్కువ ఇంధనం తాగుతున్నాయి. పతకం మెట్టుకూ అసలు పొదుపుకూ పొత్తు అంతగా కుదరలేదు. మన దగ్గర ఇంధన పొదుపు భవన నియమావళి 2007లో వచ్చింది, 2017లో బిగిసింది. రెండు తెలుగు రాష్ట్రాలూ దాన్ని తమకు తగ్గట్టు చేసుకున్నాయి. అది కొత్తగా కట్టే పెద్ద భవనాలను ముందు పెట్టుకుంది. ఇప్పటికే నిలబడి ఉన్న వేల సర్కారు ఆఫీసుల గోడలను అది ముట్టుకోలేదు.

తిరుచానూరు ఎండ ఎలాంటిదో ఇక్కడివాళ్లకు తెలుసు. మే నెలలో పగలు 42, 43 దాటుతుంది. కడుపులో మంట పుట్టించే అనంతపురం పొడి వేడి వేరు. ఇక్కడ సముద్రం మరీ దూరం కాదు, తేమ కలుస్తుంది. రాత్రి కూడా 28 దగ్గరే నిలిచే రోజులు ఎక్కువ. ఈ తేడా చాలా ముఖ్యం. మెల్బోర్న్ నగరపాలక సంస్థ 2006లో కట్టుకున్న తన కార్యాలయంలో రాత్రిపూట కిటికీలు వాటంతటవే తెరుచుకుని, కాంక్రీటులోని వేడిని చల్లటి రాత్రిగాలి కడిగేస్తుంది. జింబాబ్వేలోని హరారేలో 1996 నాటి ఈస్ట్‌గేట్ భవనం ఏసీ లేకుండానే ఇదే సూత్రంతో నడుస్తోంది. ప్రపంచమంతా మెచ్చుకునే ఆ రెండు పద్ధతులూ ఇక్కడ డిసెంబరు, జనవరిల్లో చక్కగా పనిచేస్తాయి, మే నెలలో చేయవు. రాత్రిగాలే వెచ్చగా ఉంటే అది గోడను ఏం చల్లబరుస్తుంది? ఎక్కడిదో పద్ధతిని ఫొటో చూసి తెచ్చుకోకూడదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇక్కడ పనిచేసే పద్ధతి పదిహేను కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనే ఉంది. చంద్రగిరి రాజమహల్‌ను రాయి, ఇటుక, సున్నపు గారతో, కలప వాడకుండా కట్టారు. మందమైన గోడలు, ఎత్తైన కమానులు, లోపలికి జరిగిన గదుల ముందు నీడపట్టు. మధ్యాహ్నం ఆ కమానుల కింద నిలబడితే తేడా ఒంటికి తెలుస్తుంది. అలాంటి గోడలు ఇప్పుడు కట్టలేం. కానీ అందులోని సూత్రం, అంటే ఎండ గోడను తాకకముందే ఆపడం, ఏ పాత ఆఫీసుకైనా పెట్టుకోవచ్చు. ఐదారు అంతస్తుల కట్టడంలో పై అంతస్తు ఉడికిపోవడానికి కారణం కప్పు. దాని మీద తెల్లటి పూత, సున్నం, తెల్ల పెంకు ముక్కల పరుపు, ఏదో ఒకటి వేస్తే కింది గదిలో రెండు నుంచి ఐదు డిగ్రీల వరకు తగ్గుతుంది. తెలంగాణ 2023లో చల్లకప్పుల విధానమే తెచ్చింది. 2028కల్లా 300 చదరపు కిలోమీటర్ల కప్పును చల్లబరచాలని లక్ష్యం పెట్టుకుంది. అంతకంటే ఎండ తక్కువ కాని రాయలసీమకు అలాంటి విధానం ఎందుకు ఉండకూడదు? పడమటి కిటికీలకు బయటివైపు చూరు గాని, నిలువు పలకలు గాని, వెదురు తడికలు గాని కావాలి. లోపల కట్టే పరదా పెద్దగా పనికిరాదు. వేడి అప్పటికే అద్దం దాటి గదిలోకి వచ్చేసి ఉంటుంది.

ఇప్పుడు గాలి. ఈ విషయంలోనే పొదుపూ ఆరోగ్యమూ ఒకదానితో ఒకటి తగువు పడతాయి. 1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికాలో ఇంధనం మిగుల్చుకోవడానికి ఆఫీసులను బిగించి, మనిషికి అందాల్సిన బయటిగాలి వాటాను నిమిషానికి ఐదు ఘనపుటడుగులకు దించారు. కొన్నేళ్లకే తలనొప్పి, కళ్లమంట, గొంతు గరగర, ఏకాగ్రత లేకపోవడం, సాయంత్రం ఇంటికి పోగానే తగ్గిపోవడం అంటూ ఫిర్యాదులు మొదలయ్యాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980ల మొదట్లోనే దీన్ని జబ్బు భవనాల లక్షణంగా గుర్తించింది. 1989లో గాలి వాటాను మళ్లీ మూడు నాలుగు రెట్లు పెంచారు. పొదుపు పేరుతో మొదట కోత పెట్టినది మనిషి ఊపిరికే అన్నమాట. ఆ తప్పును మనం వేరే రూపంలో మళ్లీ చేస్తున్నాం.

ఆ రూపం పేరు స్ప్లిట్ ఏసీ. ఆఫీసుల్లో చాలామందికి తెలియని సంగతి ఇది: గోడకు తగిలించే ఆ పెట్టె బయటిగాలిని లోపలికి తేదు. గదిలోని గాలినే పీల్చి, చల్లబరిచి, మళ్లీ గదిలోకే వదులుతుంది. ఒక్కో గదిలో ఇద్దరు ముగ్గురు నిద్రపోవడానికి కట్టిన వసతిగృహంలో, అదే గదిలో నలుగురైదుగురు ఉద్యోగులు, వచ్చేపోయేవాళ్లు రోజంతా కూర్చుంటే, తలుపు మూసి ఏసీ వేస్తే, మధ్యాహ్నానికి అందరూ ఒకరి ఊపిరి ఒకరు పీల్చుకుంటూ ఉంటారు. ఇది తిరుచానూరుకే పరిమితమైన మాట కాదు. జిల్లాల విభజన తర్వాత కాలేజీల్లో, వసతి గృహాల్లో, కల్యాణమండపాల్లో నడిచిన ఏ ఆఫీసుకైనా వర్తిస్తుంది.

గదిలో పలచబడని ఊపిరి బుర్ర మీద ఏం చేస్తుందో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో పరీక్షించారు. 24 మంది ఉద్యోగులను ఆరు రోజులు ఒకే ఆఫీసు గదిలో మామూలు పని చేయించి, వాళ్లకు తెలియకుండా గాలిని మార్చారు. కార్బన్ డయాక్సైడ్ పదిలక్షల్లో 1,400 వంతులకు పెరిగిన రోజున, శుభ్రమైన గాలి ఉన్న రోజుతో పోలిస్తే నిర్ణయాలు తీసుకునే పరీక్షల్లో మార్కులు సగానికి సగం పడిపోయాయి. తర్వాత ఇతరులు చేసిన పరీక్షల్లో అన్నిట్లోనూ అంత తేడా రాలేదు. అందుకని ఆ సగం అన్న లెక్కను వేదవాక్కుగా పట్టుకోనక్కర్లేదు. గాలి తక్కువైన గదిలో మనిషి మందగిస్తాడన్నది మాత్రం అందరి అనుభవమూ. జబ్బులు అంటుకోవడం సంగతి కోవిడ్ ఎలాగూ నేర్పింది. కోవిడ్ రోగులను ఉంచిన చోటే ఆఫీసు నడిచినప్పుడు ఆ పాఠం మరచిపోవడానికి వీల్లేదు. దీనికి ఖరీదైన వైద్యం అక్కర్లేదు. వసతి గదులకు స్నానాలగది ఉంటుంది, అందులో గాలి బయటికి నెట్టే ఫ్యానుకు చోటు ఉంటుంది. అది పనిచేస్తూ, తలుపు కింద సందు ఉండి, ఎదుటి గోడన కిటికీ ఒక జానెడు తెరిచి ఉంటే గాలి కదులుతుంది. ఏసీ కరెంటు కొంచెం పెరుగుతుంది. ఆ పెరుగుదలను కప్పు మీద, పడమటి గోడ మీద సంపాదించుకోవాలి.

మొక్కలు పెడితే గాలి శుభ్రమవుతుందన్న మాట ఆఫీసుల్లో బాగా పాకింది. 1989లో నాసా చేసిన ఒక ప్రయోగం దానికి మూలం. మూసిన చిన్న పెట్టెలో మొక్క పెట్టి చూసిన లెక్క అది. 2019లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం వాళ్లు అలాంటి ప్రయోగాలన్నీ మళ్లీ లెక్కవేశారు. భవనంలో మామూలుగా తిరిగే గాలి చేసే పనిని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కల దాకా కావాలని తేలింది. మనీప్లాంట్ కళ్లకు హాయి, మనసుకు మంచిది, పెట్టుకోవచ్చు. కిటికీ పనిని దానికి అప్పగించకూడదు. ఆ కుండీ కింది పళ్లెంలో నీళ్లు నిలిస్తే దోమ మాత్రం తప్పకుండా పుడుతుంది. అక్టోబరు, నవంబరు వానల తర్వాత డెంగీ వచ్చే ఊళ్లో అది చిన్న సంగతి కాదు. ఎయిర్ కూలర్ తొట్టెలకు, కప్పు మీది ట్యాంకు మూతలకు కూడా ఇదే వర్తిస్తుంది.

ఫ్యాను గురించి ఎవరూ వ్యాసాలు రాయరు, రాయాలి. పాత పద్ధతి ఫ్యాను 75 వాట్లు తింటుంది. బ్రష్‌లు లేని మోటారుతో వచ్చే బీఎల్‌డీసీ ఫ్యాను అదే గాలిని 28 వాట్లతో ఇస్తుంది. రోజుకు పది గంటలు, ఏడాదికి 300 రోజులు తిరిగితే ఒక్కో ఫ్యాను మీద సుమారు 140 యూనిట్లు మిగులుతాయి. 500 ఫ్యాన్లున్న ఆఫీసుకు ఏడాదికి 70,000 యూనిట్లు. మన ఎండకు ఒక కిలోవాట్ సౌరఫలకాలు ఏడాదికి 1,500 యూనిట్ల దాకా ఇస్తాయి, వంద చదరపు అడుగుల చోటు తీసుకుంటాయి. అంటే 100 కిలోవాట్ల సౌరకేంద్రం ఇచ్చే కరెంటులో దాదాపు సగం, ఒక్క ఫ్యాన్లు మార్చినందుకే చేతికొస్తుంది. ప్రారంభోత్సవానికి సౌరఫలకాలకే రిబ్బను కడతారు కాబట్టి ఫ్యాన్లు వెనకబడతాయి. ఫ్యాను తిరుగుతుంటే ఏసీని 24 దగ్గర కాకుండా 26, 27 దగ్గర పెట్టినా ఒంటికి తెలియదు. ఒక్కో డిగ్రీకి ఆరు శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ చెబుతోంది. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలన్నీ 24 దగ్గరే మొదలయ్యేలా కేంద్ర ప్రభుత్వం ఆ సంస్థతో సంప్రదించి నియమం కూడా పెట్టింది. అహ్మదాబాదులోని సెప్ట్ విశ్వవిద్యాలయం మన దేశపు ఆఫీసుల్లో ఉద్యోగులను అడిగి చేసిన అధ్యయనం, మన ఒళ్లు ఊరి వేడికి అలవాటుపడుతుందని, పడమటి దేశాల కొలతలు మనకు మరీ చల్లగా ఉంటాయని తేల్చింది. మే నెలలో స్వెట్టరు వేసుకుని ఆఫీసులో కూర్చోవలసిన ఖర్మ ఎవరికీ అక్కర్లేదు.

ఇంతవరకు చెప్పినవన్నీ లోపలివాళ్ల సంగతులు. ఇప్పుడు సోమవారం గురించి చెప్పాలి. కలెక్టరేట్ అంటే జనానికి సోమవారం గ్రీవెన్స్. దానికి ప్రజావాణి అనీ, స్పందన అనీ, ప్రజా సమస్యల పరిష్కార వేదిక అనీ పేర్లు మారుతూ వచ్చాయి. వచ్చేవాళ్లు మారలేదు. పాసుపుస్తకంలో తప్పు పడిన రైతు, పింఛను ఆగిన ముసలమ్మ, ఇంటిపట్టా కోసం తిరిగే కూలీ, మూడు చక్రాల బండి మీద వచ్చే వికలాంగుడు. సూళ్లూరుపేట నుంచి, సత్యవేడు నుంచి పొద్దున చీకటితో బయలుదేరి వస్తారు. చాలామందికి అర్జీ రాయించుకోవడం, టోకెన్ తీసుకోవడం, పిలుపు కోసం కాచుకోవడం, ఇదంతా గేటుకూ మెట్లకూ మధ్య గడుస్తుంది. ఆఫీసు ఆరోగ్యం మీద నేను చదివిన అధ్యయనాల్లో దాదాపు అన్నిటికీ కొలత కుర్చీలో కూర్చున్న ఉద్యోగే. అతని కంటికి వెలుతురు, చెవికి నిశ్శబ్దం, నడుముకు కుర్చీ. ఇవన్నీ కావలసినవే. కానీ మన దేశపు ప్రభుత్వ కార్యాలయంలో వడదెబ్బ తగిలే అవకాశం ఎక్కువున్న మనిషి లోపల లేడు, బయట క్యూలో ఉన్నాడు.

అందుకని ఇక్కడ పెట్టే మొదటి రూపాయి బయటి నీడకు పోవాలని నా గట్టి నమ్మకం. రేకుల షెడ్డు వేస్తే చాలదు. మధ్యాహ్నానికి ఆ రేకు కాలి కిందకు మంట కక్కుతుంది. రేకు కింద ఒక పొర తాటాకు గాని, వెదురు చాప గాని, లేకపోతే పైన తెల్లపూత గాని ఉండాలి. ఎత్తుగా ఉండి నాలుగు వైపులా గాలి ఆడాలి. వేప, కానుగ, రావి నాటితే ఎనిమిది పదేళ్లలో షెడ్డు అవసరమే తగ్గిపోతుంది. ఈ నేలలో కానుగ పెద్దగా నీళ్లు అడగకుండా పెరుగుతుంది, ఎండాకాలానికి సరిగ్గా లేతాకు వేస్తుంది. తాగునీళ్లు, ఆడవాళ్లకు నీళ్లున్న మరుగుదొడ్డి, కూర్చోవడానికి అరుగు. ఇవి లేని భవనానికి ప్లాటినం ఇచ్చినా నేను దాన్ని ఆరోగ్యకరమైన ఆఫీసు అనను.

లెక్కలోకి రాని ఇంకొందరు మనుషులు పారిశుద్ధ్య సిబ్బంది. స్నానాలగదుల్లో యాసిడ్ పోసి కడిగేది, మూసిన నడవాల్లో ఫినాయిలు ఆవిరి పీల్చేది, అందరికంటే ముందు వచ్చి దుమ్ము ఊడ్చేది వాళ్లే. తడిగుడ్డతో తుడిస్తే దుమ్ము లేవదు. యాసిడ్ మాని తక్కువ ఘాటున్నవి వాడితే ఊపిరితిత్తులతో పాటు పైపులూ బాగుంటాయి. పాత ఫైళ్ల గదిదీ అదే కథ. ఎన్నడూ కదపని కట్టల మీది దుమ్ము, చెదలమందు వాసన రికార్డు అసిస్టెంటు రోజూ తింటాడు. ఈ-ఆఫీసు వచ్చాక కాగితం తగ్గింది గాని పాత కట్టలు అక్కడే ఉన్నాయి.

నీటి దగ్గర స్వర్ణముఖిని తలచుకోకుండా ఉండలేం. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక తప్ప ఏమీ కనిపించని నది, 2021 నవంబరులో తిరుచానూరు పక్కనే గట్లు కోసుకుంటూ పారింది. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లు ఖాళీ చేయించారు. కరువూ వరదా ఒకే నేల మీద, ఒక్కోసారి ఒకే ఏడాదిలో వస్తాయి. ఆఫీసులో మనిషికి రోజుకు 45 లీటర్లు కావాలని జాతీయ భవన నియమావళి లెక్క. 500 మంది ఉంటే 22,500 లీటర్లు. వెయ్యి చదరపు మీటర్ల కప్పు మీద ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల వాన పడితే, వృథా పోగా ఎనిమిది లక్షల లీటర్లు చేతికొస్తాయి. అది నెలకు పైగా పనిదినాల అవసరం. మొత్తం తీరదు. కానీ ఆ నీరు సంపులోకో ఇంకుడుగుంతలోకో పోతే, వానరోజున రోడ్డు మీదికి పోయే వరదలో అంత మేరకు తగ్గినట్టే. ఆవరణంతా సిమెంటు పలకలు పరిచి, మూలన ఒక ఇంకుడుగుంత తవ్వి ఫొటో తీయించుకోవడం వల్ల ఉపయోగం లేదు. నేల ఊపిరి పీల్చేలా పలకల మధ్య మట్టి సందులు వదలాలి. 2002 నాటి వాల్టా చట్టం వచ్చి ఇన్నేళ్లయినా ఇంకుడుగుంతను అనుమతి కాగితంగానే చూస్తున్నాం.

భవనం ఎక్కడుందన్నది కూడా దాని పర్యావరణ లెక్కలో భాగమే. అమెరికాలో 2007లో వేసిన ఒక లెక్క ప్రకారం, సగటు ఆఫీసు తాను వాడుకునే ఇంధనం కంటే ఉద్యోగులు అక్కడికి వచ్చిపోవడానికి తగలబెట్టే ఇంధనం 30 శాతం ఎక్కువ. మన దగ్గర ఉద్యోగులు బైకుల మీద వస్తారు, అర్జీదారులు బస్సుల్లో వస్తారు, లెక్క కొంత మారుతుంది. అయినా సూళ్లూరుపేట మనిషికి రానూపోనూ నూటయాభై కిలోమీటర్ల పైనే. అతని పని అక్కడి ఆర్డీవో ఆఫీసులోనో ఊరి సచివాలయంలోనో తీరితే మిగిలే డీజిలు, ఒక రోజు కూలి, ఏ సౌరఫలకమూ ఇవ్వలేదు. తిరుచానూరు ఊరికి దూరం కాదు, తిరుపతి నుంచి ఐదు కిలోమీటర్లే. తిరుపతి, రేణిగుంటల మధ్య రైలుమార్గంలో తిరుచానూరు స్టేషను కూడా ఉంది. ఊరవతల పొలాల్లో కొత్త కలెక్టరేట్ కట్టుకోకపోవడం వల్ల కలిగిన లాభాల్లో ఇది ఒకటి.

చివరికి వచ్చే చిక్కు అద్దె దగ్గర ఉంది. హరిత భవనాల మీద పనిచేసే వాళ్లందరూ ప్రపంచమంతటా ఒప్పుకునే చిక్కు ఇది. కప్పు యజమానిది, కరెంటు బిల్లు అద్దెకున్నవాడిది. కప్పుకు తెల్లపూత వేస్తే లాభం అద్దెదారుకు వస్తుంది కాబట్టి యజమాని వేయడు. కప్పు తనది కాదు కాబట్టి అద్దెదారు వేయడు. సంవత్సరాలు గడుస్తాయి, ఏసీలు పెరుగుతాయి. సర్కారు ఆఫీసు దేవస్థానం భవనంలో ఉన్నా, ప్రైవేటు కాంప్లెక్సులో ఉన్నా ఈ ముడి ఒకటే. ఆస్ట్రేలియాలో ప్రభుత్వ కార్యాలయాల అద్దె ఒప్పందాల్లో ఇంధన షరతులు రాసుకునే పద్ధతి వచ్చింది. భవనం ఎంత వాడాలో, ఎవరు ఏం బాగుచేయాలో, మిగిలిన డబ్బు ఎలా పంచుకోవాలో అందులోనే ఉంటుంది. దేవస్థానానికి ఇంధన పొదుపు ఆలోచన కొత్త కాదు. తిరుమలలో అన్నప్రసాదానికి సూర్యరశ్మితో ఆవిరి పుట్టించి వండే ఏర్పాటును అది ఇరవై ఏళ్ల కిందటే పెట్టుకుంది.

కొలత కూడా కష్టం కాదు. ఇంధన పొదుపు సంస్థ 2009లో ఆఫీసులకు పెట్టిన నక్షత్రాల పద్ధతిలో, వేడీ తేమా ఉన్న ప్రాంతాల్లో సగానికి మించి ఏసీ ఉన్న ఆఫీసు, చదరపు మీటరుకు ఏడాదికి వంద యూనిట్ల లోపు వాడితే ఐదు నక్షత్రాలు. దానికి కావలసినవి ఏడాది బిల్లులు, భవనం కొలతలు, అంతే. ఆ బిల్లులు వేసే దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం ఎక్కడో లేదు, తిరుపతి తిరుచానూరు రోడ్డులోనే, శ్రీనివాసపురంలో ఉంది. రాయలసీమకు, నెల్లూరుకు కరెంటు పంచే ఆ సంస్థ ముందు తన భవనం లెక్కను, తర్వాత అదే రోడ్డు చివరనున్న కలెక్టరేట్ లెక్కను నెలనెలా గేటు దగ్గర బోర్డు మీద రాయించవచ్చు. యూనిట్లు, నీళ్లు, గదిలో కార్బన్ డయాక్సైడ్, సోమవారం బయటి నీడలో వేడి. నాలుగు అంకెలు. మొదటి ఏడాది అంకెలు బాగుండకపోవచ్చు. వచ్చే అద్దె ఒప్పందంలో ఏ షరతు రాయాలో వాటిని చూస్తే తెలుస్తుంది.